ఉల్టా పంకా

మంగయ్య బొగ్గుబావిలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక, మణుగూరులోని తన ఇంట్లో చెడిపోని వస్తువులను కూడా విప్పడం మొదలుపెట్టాడు. మిక్సీ విప్పాడు. కుట్టుమిషను విప్పాడు. ఓ రోజు కూలరు విప్పి నట్లన్నీ మంచం మీద పరిచేసరికి భార్య బతుకమ్మకు ఓపిక నశించింది.

"గీ ఇంట్ల చెడిపోయినయి ఏం లేవు. బయట ఎవలన్న పిలుస్తే పోరాదు జర!" అంది.

ఆ వారంలోనే జంపక్క పిలిచింది.

జంపక్కది గోదావరి ఒడ్డున చిన్న ఊరు. కాకినాడలో సముద్రపు వేట చేసి పాతబడిన చిన్న ట్రాలరు బోటును రెండేళ్ల కిందట కొని, లారీ మీద తెచ్చుకుంది. వలలు లాగే సామాను తీసేయించి, మిరపకోతల కాలంలో అవతలి ఒడ్డు ఊళ్ల నుంచి ఆడకూలీలను ఈవలి చేలకు దాటిస్తుంది. బోటు నడిపేది ఆమె తమ్ముడు పగిడయ్య. ఫిబ్రవరిలో నీళ్లు తగ్గాయి. నది నడుమ బండ తగిలి ప్రొపెల్లరు రెక్క ఒకటి విరిగింది, ఇంకొకటి ఒంగింది. వాళ్లు దాన్ని పంకా అంటారు. బోటు ఆగడంతో కూలీలు భద్రాచలం వంతెన మీదుగా ఆటోల్లో చుట్టు తిరిగి రావలసి వచ్చింది. చాలామంది రావడమే మానేశారు. చేలల్లో పండిన మిర్చి చెట్ల మీదే ఎండిపోతోంది.

"బావుల నీళ్లు తోడే పంపులు చూసిన గానీ పడవను ఎన్నడు ముట్టలే చెల్లె," అన్నాడు మంగయ్య మొహమాటంగా.

"అదీ ఇనుమే, ఇదీ ఇనుమే అన్నా. నీ చేతికి తెలుస్తది, చూడు," అంది జంపక్క. కాకినాడలో పాత బోటు సామాను అమ్మేవాడి దగ్గర నుంచి తెప్పించిన ఇత్తడి పంకాను అతని ముందు పెట్టింది. మూడు రెక్కలు, బంగారంలా మెరుస్తోంది.

మంగయ్య బరువులెత్తే తన చైన్ బ్లాకును ఒడ్డున ఉన్న మద్దిచెట్టుకు కట్టి బోటు వెనక భాగాన్ని పైకి లేపాడు. పాత పంకా ఇరుసుకు పట్టుకుపోయి కదలనంది. దాన్ని పుల్లరుతో బిగించి, బ్లోలాంపుతో వేడిచేసి, సుత్తితో ఒక్కటి తగిలించేసరికి ఫట్‌మని ఊడి ఇసుకలో పడింది. చుట్టూ చేరినవాళ్లు ఈల వేశారు. రిటైరయ్యాక మూడేళ్లుగా మంగయ్య వినని చప్పుడది. కొత్త పంకా రంధ్రం కొలిచాడు, సరిపోయింది. ఇరుసుకు నీలం రంగు పూసి, పంకా ఎక్కించి తీసి, రంధ్రం లోపల రంగు అంతటా సమానంగా అంటింది, అంటే సందు లేకుండా కూర్చుందని చూసుకున్నాడు. నట్టు బిగించి, పిన్ను మడిచి, చేతులు తుడుచుకున్నాడు.

పరీక్ష ఎలా చేయాలో కూడా అతనే చెప్పాడు. బోటును నీళ్లలోకి దింపి, వెనక కొక్కేనికి మోకు వేసి మద్దిచెట్టుకు కట్టారు. ముందుకు గేరు వేస్తే మోకు బిగుసుకోవాలి. ఎంత బిగుసుకుంటే పంకాకు అంత బలం ఉన్నట్టు. ఊరి సగం జనం చూడ్డానికి వచ్చారు.

"ఇగ ఏయ్ పగిడీ!" అని కేకేశాడు మంగయ్య.

పగిడయ్య గేరు వేశాడు. నీళ్లు సుడి తిరిగాయి. మోకు బిగియడానికి బదులు వేలాడింది. బోటు మెల్లగా వాళ్ల మీదికే రాసాగింది. బలం చాలలేదనుకుని పగిడయ్య ఇంజనును ఇంకాస్త రేజు చేశాడు. బోటు ఇంకా జోరుగా ఒడ్డుకు వచ్చింది. జనం చెల్లాచెదురయ్యారు.

"ఆపు! ఆపురా!" మంగయ్య మోకాళ్ల లోతు నీళ్లలోకి ఉరికాడు. పగిడయ్య గేరు తీసేసరికి ఒడ్డుకు, పంకాకు మధ్య మూరెడు సందు మిగిలింది.

మంగయ్య వెళ్లి ఇసుకలో పడి ఉన్న పాత పంకాను ఎత్తి, నీళ్లలో కనబడుతున్న కొత్తదాని వైపు, చేతిలోదాని వైపు మార్చి మార్చి చూశాడు. అతని మొహం నల్లబడింది. కొత్తదాని రెక్కలు అటు మెలిదిరిగి ఉన్నాయి. పాతదానివి ఇటు. పంపు బిగించే ముందు తిరుగుడు చూసుకోమని బావిలో ఎంతమంది కుర్రాళ్లను తిట్టాడో! రంధ్రం కొలిచాడు గానీ రెక్కలు చూడలేదు.

"తప్పు నాదే చెల్లె. పంకా ఉల్టా తిరుగుడుది. నేను చూస్కోలే."

పగిడయ్య ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "తిరగేసి బిగిద్దాం అన్నా! సీదా అయితది."

"కుడికాలు చెప్పు తిరగేస్తే ఎడమకాలుది అయితదా?"

పగిడయ్య తన చెప్పు తీసి, తలకిందులుగా పట్టుకుని, రెండు వైపులా తిప్పి చూశాడు. "కాదు," అని ఒప్పుకున్నాడు.

జంపక్క ఫక్కున నవ్వింది. "ముందుకు పొమ్మంటే ఎనకకొచ్చే బోటు దేశంల మాదొక్కటే ఉన్నట్టుంది! నువ్వేం చిన్నబోకు అన్నా. మోకు కట్టమన్నది నువ్వే గదా. కట్టకుండ కూలోళ్లను ఎక్కిచ్చి నడిమిట్ల గిట్లయితే?"

ఆ మాటతో మంగయ్యకు ఊపిరి ఆడింది. ఫోను తీసుకుని కాకినాడ అతనితో మాట్లాడాడు. అవతలి మనిషి విని, కాసేపు ఆలోచించి, రెండు ఇంజన్ల బోటు నుంచి విప్పిన జత పంకాలవి అన్నాడు. అలాంటి బోట్లలో ఒకటి అటు, ఒకటి ఇటు తిరుగుతాయట. రెండోది తన కొట్లోనే తలుపుకు ఆనించి ఉందట! ఈసారి మంగయ్య దాన్ని వెనక నుంచి, పక్క నుంచి వీడియో తీసి పంపమన్నాడు. పాత పంకాను పక్కన పెట్టుకుని, వీడియో ఆపి ఆపి చూశాడు. సరే అన్నాక గానీ పార్సిల్ కట్టనివ్వలేదు.

మూడో రోజు పొద్దున బస్సులో పంకా దిగింది. మధ్యాహ్నానికల్లా బిగించారు. ఈసారి గేరు వేయగానే మోకు తీగలా బిగిసింది, మద్దిచెట్టు ఆకులు జలజల రాలాయి. మంగయ్య బోటులోకి దూకి, ఇరుసు బయటికి పోయే చోట చెయ్యి పెట్టి చూశాడు. వేడి లేదు, అదురు లేదు. నీళ్లు చుక్క చుక్కగా కారుతున్నాయి. ఇరుసు వేడెక్కకుండా అంత కారడమే మంచిది.

"మోకు ఇప్పురి," అన్నాడు.

బోటు గోదావరిని కోసుకుంటూ వెళ్లింది. బండ ఉన్నచోట పగిడయ్య పక్కకు తిప్పాడు. ఆ మలుపులో కూడా ఇంజను శబ్దం మారలేదు. ఎండలో నీళ్ల తుంపర మంగయ్య కళ్లద్దాల మీద పడుతుంటే, తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింటూ నిలబడ్డాడు.

అవతలి ఒడ్డున ఆడవాళ్లు వెదురు తడకల నీడలో కూర్చుని ఇప్పపూలకు పోయే రోజుల గురించి మాట్లాడుకుంటున్నారు. బోటు వస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"లేవుండ్రి! రేపు పొద్దుగాల ఆరింటికి ఈడ్నే ఉండాలె, అందరు!" అని జంపక్క బోటు మీద నుంచే అరిచింది.

"గియ్యాల్నే ఒకసారి తిప్పుకరా, చూస్తం!" అని అరిచింది వాళ్లలో పెద్దావిడ రామక్క. అప్పటికే చీర కుచ్చెళ్లు ఎగదోపి నీళ్లలోకి దిగింది. ఆమె వెనక ఇరవైమంది నవ్వుకుంటూ, ఒకరినొకరు లాక్కుంటూ ఎక్కారు. బరువుకు బోటు జానెడు కుంగింది. మంగయ్య ఇంజను పక్కన చోటు చేసుకుని కూర్చుని, పగిడయ్యకు మెల్లగా గేరు వేయమని సైగ చేశాడు.