తోటలో రెండో పొయ్యి

గురుబరపల్లి తిమ్మరాయప్పకు తెలివి ఎక్కువైనప్పుడల్లా చాకిరీ భార్య ఆదిలక్ష్మమ్మ నెత్తిన పడేది. రెండువేల నాలుగులో ఆ తెలివి కాటేజీ రూపంలో వచ్చింది. మామిడి తోటలో ఎరువు మూటలు వేసుకునే రెండు గదులకు సున్నం కొట్టించి, గ్యాస్ పొయ్యి, కుక్కరు, నాలుగు గిన్నెలు పెట్టి, శని ఆదివారాలు బెంగళూరు వాళ్లకు అద్దెకిస్తానన్నాడు.

"వంట ఎవురు చేసేది? నేనా?" అని ఆమె కొంగు బిగించింది.

"నువ్వు కాదులేవే. వాళ్లే వండుకుంటారు. హోసూరు పక్క అందురూ ఇట్లే ఇస్తా ఉండారు."

"ఇంటికొచ్చినోళ్లు వాళ్ల కూడు వాళ్లే వండుకునేదా? థూ! సిగ్గు లేదా నీకు?"

లేదని ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెకు తెలిసిందే. కానీ ఆమెకు ఉంది. గుమ్మం తొక్కిన మనిషిని ముద్ద తినకుండా పంపదని ఊళ్లో ఉన్న పేరొక్కటే ఆమె సొంత ఆస్తి. మిగతావన్నీ మొగుడి పేరున ఉన్నాయి.

మొదటి శనివారం శ్రీహరి, నళిని అని మొగుడూ పెళ్లాలు దిగారు. దిగీ దిగగానే నళిని చున్నీ నడుముకు చుట్టి వంటగదిలో దూరింది. శ్రీహరి మంచం వాల్చుకున్నాడు. కుక్కరు కూత వీధి చివరిదాకా వినిపించింది.

అరగంట తిరక్కుండా పక్కింటి మునివెంకటమ్మ పరామర్శకు వచ్చేసింది. ఆ ఊళ్లో ఒక ఇంటికి రెండో పొయ్యి లేచిందంటే ఆ ఇల్లు చీలిందనే లెక్క. అన్నదమ్ములు విడిపోయినా ముందు పొయ్యి వేరవుతుంది, పొలం తరవాత.

"ఏడవద్దులే ఆదిలక్ష్మమ్మా," అని ఏడవని మనిషి చెయ్యి పట్టుకుంది. "మొగోళ్ల బుద్ధే అంత. ఈ వయసులో ఇంకొకామెను తెచ్చి తోటలో పొయ్యి పెట్టిచ్చినాడంటనే? యాడామె? ఊత్తంగరై ఊరామెనా?"

"నీ నోట్లో మన్ను పడ! వాళ్లు బెంగళూరోళ్లు. బాడిగకొచ్చినారు."

"వచ్చినోళ్లకు నువ్వు అన్నం పెట్టకుండా ఉంటావా? నువ్వా?" మునివెంకటమ్మ నమ్మలేదు. నమ్మితే ఊళ్లో చెప్పడానికి ఏం మిగులుతుంది?

మొగుడి మీద పడిన నింద ఆదిలక్ష్మమ్మను ఏమీ చేయలేదు. ఆయన్ను ఎవరైనా తోలుకుపోతే మధ్యాహ్నం పూట హాయిగా కునుకు తీయవచ్చు. అన్నం పెట్టలేదన్న మాటే కడుపులో రగిలింది.

ఆ పూటే రాగిముద్దలు, ఉలవచారు, నాటుకోడి పులుసు మోసుకుపోయింది. శ్రీహరి లొట్టలేసుకుంటూ తిన్నాడు. నళిని వండింది గిన్నెలోనే ఉండిపోయింది. సాయంత్రం వడలు, చిత్రాన్నం పోయాయి. ఆదివారం పొద్దున్నే పొంగలి తీసుకుపోయేసరికి నళిని గడపకు అడ్డంగా నిలబడింది.

"మీకు దండం పెడతానమ్మా. ఇంక తేవద్దండి."

"ఏమమ్మా, కారం ఎక్కువైందా?"

"బాగుంది. అదే నా ఖర్మ." నళిని గడప వదల్లేదు. "పెండ్లయి తొమ్మిదేండ్లు. కూరాకు తరిగేది నేను, అంట్లు తోమేది నేను. గరిటె మాత్రం మా అత్త ముట్టనియ్యదు. రెండు దినాలన్నా నా చేత్తో వండి ఒకరికి పెడదామని వచ్చినాను. ఈయన చూస్తే మీ ఉలవచారు తాగతా ఉండాడు."

శ్రీహరి మెల్లగా చెట్ల వెనక్కు జారుకున్నాడు.

ఆదిలక్ష్మమ్మకు ముందు ఒళ్లు మండింది. నా పొంగలి వద్దనేదా! ఆ తరవాత సిగ్గు ముంచుకొచ్చింది. పేరు కోసం పాకులాడి, ఈ పిల్లకు రెండో అత్తయి కూర్చుంది. గిన్నె వెనక్కు పట్టుకుపోతే కంచె దగ్గరే మునివెంకటమ్మ కాచుకుని ఉంది. వచ్చినవాళ్లు వద్దన్నారట అన్న మాట మధ్యాహ్నానికల్లా కుందారపల్లి దాకా పోతుంది.

"పోతే పోనీ," అనుకుంది ఆదిలక్ష్మమ్మ. నేతి పొంగలిని తీసుకుపోయి, మునివెంకటమ్మ కళ్లెదుటే, ఆవు ముందున్న తొట్టిలో కుమ్మరించింది. తిరిగొచ్చి కాటేజీలో పీట లాక్కుని కూర్చుంది.

"నాకు పెట్టు తల్లీ. ఆకలైతా ఉంది."

పెళ్లయిన నాటి నుంచీ ఆమె కూర్చుంటే వడ్డించినవాళ్లు లేరు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది నిలబడే తినేది. ఇప్పుడు ఎదురుగా నళిని వంగి అప్పుడే దించిన అన్నం పెట్టి, సాంబారు పోస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కిటికీలో మునివెంకటమ్మ తల లేచింది. "ఇదేందమ్మా! వచ్చినోళ్ల దగ్గర నువ్వే తింటా ఉండావా?"

"తింటా ఉండా. పోయి ఊరంతా చెప్పుకో, పో."

నళిని గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది. "ఎట్లుందమ్మా?"

ఆదిలక్ష్మమ్మ రెండో ముద్ద కష్టపడి మింగింది. అబద్ధం ఆడదామనుకుంది గానీ వంట విషయంలో ఆమెకు అది చేతకాదు.

"అన్నం మాడింది. సాంబారులో ఉప్పు లేదు," అని కంచం ముందుకు జరిపింది. "ఇంకొంచెం పెట్టు."