ఆగిన ఇంజిన్‌లో ప్రెషర్

చిట్టమూరు రోడ్డులో దరియావలి షెడ్డుకు బోర్డు లేదు. ముక్కు మెకానిక్ షెడ్డు ఎక్కడని ఎవరిని అడిగినా చెయ్యి చూపిస్తారు. ముప్పై ఏళ్లుగా ఆయన రెండు చుక్కల డీజిల్ అరచేతిలో వేసుకుని, వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని బండి జబ్బు చెప్పేవాడు. నీళ్లు కలిశాయా, కిరసనాయిలు కలిసిందా, ఏ బంకులో పోయించారు, అన్నీ చెప్పేవాడు. బంకు పేరు చెప్పడం మాత్రం కాస్త కోతే. వినేవాళ్లకు అదే ఎక్కువ ఇష్టం.

ఆ ముక్కు కరోనా జ్వరంతో పోయింది. జ్వరం తగ్గింది, ఆయాసం తగ్గింది, ప్రాణం దక్కింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఈ సంగతి భార్య బీజాన్‌కు తప్ప ఎవరికీ తెలియదని దరియావలి నమ్మకం. ముక్కు పోయినా ఆ తతంగం మాత్రం మానలేదు. ఇంజిన్ చప్పుడు విని, చేతికి తగిలే జిడ్డు చూసి చెబితే చాలాసార్లు సరిపోయేది. సరిపోని రోజు ఒకటి వచ్చింది.

పాలెంలో చర్చి సంఘానికి ఏడుగురు పట్టే డీజిల్ కారు ఒకటుంది. జబ్బు చేసినవాళ్లను నెల్లూరు తీసుకుపోవడానికే దాన్ని కొన్నారు. నడిపేది కృపాదానం. జీతం లేదు, దేవుని పని అనుకుని నడుపుతాడు. కరోనాలో ఎవరూ గడప తొక్కని రోజుల్లో దరియావలిని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయిందీ, పదకొండు రోజుల తర్వాత తిరిగి తెచ్చిందీ ఆ బండే, ఆ కృపాదానమే.

మొన్న శ్రావణంలో మగ్దలీనమ్మ అనే ముసలామెను గుండె నొప్పితో తీసుకుపోతుంటే, ఆ బండి గూడూరు చేరకముందే రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఆమెను ఆటోలోకి మార్చారు. ఆమె బతికింది కాబట్టి సరిపోయింది. సంఘ పెద్దలు నలుగురు బండిని తాడుతో లాగించుకుని దరియావలి షెడ్డుకు తెచ్చి, ఆయన చుట్టూ నిలబడ్డారు.

దరియావలి ఫిల్టర్ విప్పాడు, పైపులు చూశాడు, పంపు చూశాడు. ఏమీ దొరకలేదు. డాష్‌బోర్డులో ఇంజిన్ దీపం వెలుగుతూనే ఉంది. ఆ దీపాలకేం, వెలుగుతుంటాయి, ఆరుతుంటాయి అని ఆయన ఎప్పుడూ కొట్టిపారేసేవాడు. తెలియలేదని ఒక్క మాట అంటే పోయేది. అది నోటికి రాలేదు. నలుగురు పెద్దమనుషులు ఆయన ముక్కు వంకే చూస్తున్నారు. అరచేతిలో డీజిల్ పోసుకుని, రుద్ది, వాసన చూసినట్టు చేసి, "ఇందులో కిరసనాయిలు కలిసిందయ్యా" అనేశాడు.

ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆయన ఆలోచించలేదు. కృపాదానం బావమరిది రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లకు కాపలా. మంచి డీజిల్ అక్కడికి పోయింది, అక్కడి కిరసనాయిలు ఇందులోకి వచ్చిందని పెద్దలు లెక్క కట్టేశారు. పక్కనే నిలబడి ఉన్న కృపాదానం దరియావలి ముఖంలోకి ఒక్కసారి చూశాడు. నేను కాదని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రమే తాళాలు తీసుకున్నారు. మూడు నెలలు ప్రభువు బల్లకు రాకూడదన్నారు. రొట్టె, ద్రాక్షారసం అందరూ తీసుకుంటుంటే కృపాదానం చివరి బెంచీలో తల దించుకుని కూర్చుంటున్నాడని, అతని భార్య రెబెక్కమ్మ గుడికి రావడమే మానేసిందని దరియావలి చెవిన పడింది. టాంకు కడిగి కొత్త డీజిల్ పోశాక బండి మూడు వారాలు చక్కగా తిరిగింది. నా మాటే నిజమేమోనని ఆయన తనకు తానే చెప్పుకున్నాడు.

నాలుగో వారం బండి మళ్లీ తుమ్మి ఆగింది, మళ్లీ షెడ్డుకు చేరింది. ఈసారి నడుపుతున్నది సంఘం కార్యదర్శి సుశీల్ కుమార్. డీజిల్ పోయించింది కూడా ఆయనే. దరియావలి అరచెయ్యి చాపకుండా, నాయుడుపేటలో షాపు పెట్టుకున్న మేనల్లుడు యాసీన్‌కు ఫోన్ చేసి, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పట్టుకుని రమ్మన్నాడు. ఆ డబ్బాను ఆటబొమ్మ అని వెక్కిరించింది కూడా ఈయనే.

యాసీన్ స్టీరింగ్ కింద తీగ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పాడు. తెరమీద అంకెలు చూసి నవ్వాడు.

"ఇంజిన్ ఆగి గంటయింది. ఇదేమో మూడొందల ప్రెషర్ ఉండాదంటుంది. ఆగిన ఇంజిన్లో ప్రెషర్ యాడిది మామా?"

ఇంజెక్టర్లకు డీజిల్ పంచే ఇనుప గొట్టం చివర, బొటనవేలంత ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి ఎంతుందో కంప్యూటర్‌కు చెప్పేది అదే. అది తప్పు చెబితే కంప్యూటర్ తప్పుగా డీజిల్ పంపి, బండిని ఆపేస్తుంది. యాసీన్ ప్లగ్గు ఊడదీసి మీటర్ పెట్టి చూశాడు. కరెంటు సరిగ్గా వస్తోంది, తీగల్లో తుప్పు లేదు. పాడయింది సెన్సారే. చల్లగా ఉన్నప్పుడు నిజం, ఇప్పటిలా వేడిగా ఉంటే అబద్ధం చెబుతోంది. మూడు వారాలూ దగ్గర తిరుగుళ్లే కాబట్టి బయటపడలేదు.

మర్నాడు, శనివారం, నెల్లూరు నుంచి కొత్త సెన్సార్ వచ్చింది. చుట్టూ ఇసుక రేణువు లేకుండా తుడిచి, దరియావలి స్వయంగా పాతది విప్పాడు. నాలుగు చుక్కల డీజిల్ వేళ్ల మీదికి కారింది. అలవాటుగా ముక్కు దాకా పోయిన చెయ్యిని దించి, లుంగీకి తుడుచుకున్నాడు. కొత్తది బిగించి తాళం తిప్పితే తెరమీద సున్నా వచ్చింది. స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఒక్కటే చప్పుడుతో నిలకడగా తిరిగింది. ఆ సున్నా చూసి ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. అందరికీ అది బాగుపడిన బండి. ఆయనకు మాత్రం తను కృపాదానం మీద మోపిన దొంగతనం.

బండి తీసుకోవడానికి వచ్చిన సుశీల్ కుమార్ పాత సెన్సార్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఆ కల్తీ డీజిల్ దెబ్బకే ఇది కూడా పోయి ఉంటుందా అని అడిగాడు. తప్పించుకోవడానికి తలుపు తెరిచి పెట్టినట్టే ఉంది. దరియావలి అందులోంచి దూరిపోయాడు.

"అయ్యుండొచ్చు సార్" అన్నాడు.

ఇంటికి పోయి బీజాన్‌తో చెప్పాడు. ఆమె అంతా విని, అన్నం వడ్డిస్తూ, ఆ మనిషి బండెక్కించుకోకపోతే ఈ పాటికి నువ్వెక్కడుండేవాడివని మాత్రం అడిగింది. ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

తెల్లవారితే నెలలో మొదటి ఆదివారం. బల్ల ఇచ్చే రోజు. బల్లకు ముందు పాస్టరు మాథ్యూ గారు, ఎవరి మనసులోనైనా ఎవరి మీదైనా కష్టముంటే ముందు సమాధానపడమని చెప్పి, కాసేపు మౌనంగా ఉంటారు. ఆ మౌనంలో గుమ్మం దగ్గర చెప్పులు విడిచి దరియావలి నిలబడ్డాడు. టోపీ, నెరిసిన గడ్డం, చేతిలో పాత సెన్సార్. అందరూ వెనక్కి తిరిగారు. చివరి బెంచీలో, చేయి చాపితే అందేంత దగ్గరలో కృపాదానం ఉన్నాడు.

"అయ్యగారూ, బండి చెడింది దీనివల్ల. డీజిల్లో ఏం కలవలా. కృపాదానం తప్పేం లేదు" అన్నాడు దరియావలి.

ముందు వరసలోంచి సుశీల్ కుమార్ లేచాడు. "వాసన చూసి చెప్పింది నువ్వే కదయ్యా?"

అప్పుడు కృపాదానం లేచాడు.

"ఫిల్టర్లో నీళ్లుండినాయి సార్. ఎవురైనా పొరబడతారు. వదిలెయ్యండి."

తను ముంచిన మనిషే, లేని నీళ్లు కల్పించి తనను వెనకేసుకొచ్చాడు. చెంప మీద కొట్టి ఉంటే దరియావలి తట్టుకునేవాడు, ఇది తట్టుకోలేకపోయాడు.

"పొరబడలా. నాకు వాసనే తెలవదు. కరోనా వచ్చినకాణ్ణించీ తెలవదు. జబ్బు దొరకలేదని చెప్పేదానికి సిగ్గై, ఆ మాటన్నా. నిన్న గూడా ఈ సార్‌తో అబద్ధమే చెప్పినా."

పాస్టరు గారు మెట్లు దిగి చివరి బెంచీ దాకా నడిచి వచ్చి, కృపాదానం చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకుపోయారు. అది చూసే ముఖం లేక దరియావలి బయటికి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు.

ఆరాధన అయ్యాక కృపాదానం తాళాలతో వచ్చాడు. బండి వేడెక్కాక ఎట్లా ఉంటుందో చూద్దాం, ఎక్కన్నా అన్నాడు, ఏమీ జరగనట్టు. బండి కోట ఊరు దాటింది. రోడ్డు పక్కన ఎండుచేపలు ఆరబోసిన దిబ్బ రాగానే కృపాదానం తన వైపు కిటికీ అద్దం ఎత్తేశాడు.

"నెల్లూరు ఆసుపత్రి నుంచి నిన్ను తోలుకొస్తాంటే ఈడనే గదన్నా టీ తాగుదాం, ఆపమన్నావు. బీజానక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోనుంది. నువ్వేమో ఆ చేపల పక్కనే కూర్చోని తాగినావు. అప్పుడే తెలిసింది నాకు."

దరియావలి అతని వైపు తిరిగాడు. "మరి ఆ రోజు పెద్దల ముందర ఎందుకు చెప్పలా? ఒక్క మాటంటే నీ మీద పడకపోవును గదా."

"చెప్తే ఇంక నీ షెడ్డుకు ఎవురొస్తారన్నా?"

ఇంజిన్ బాగా వేడెక్కింది. ఒక్కసారి కూడా తుమ్మలేదు. కృపాదానం ఆ రోజు ఆపిన టీ బంకు ముందే బండి ఆపి, దిగి, రెండు టీలు చెప్పాడు. దరియావలి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు కానీ, దిగలేక అలాగే కూర్చుండిపోయాడు.