లెక్చరరు గారి వెనకాల

అమ్మాజీ పాలిటిక్స్ క్లాసులో చేరి ఏడాదిన్నర దాటింది. కానీ లెక్చరరు గారు రాకముందు ఆ క్లాసు ఎలా ఉంటుందో ఆమెకి తెలీదు. చూసే వీలే లేదు మరి.

బందర్లో ఆ కాలేజీ పద్ధతి అలాంటిది. బెల్లు కొట్టగానే ఆడపిల్లలు క్లాసులోకి వెళ్ళిపోకూడదు. వరండా చివర లేడీస్ రూం అని ఒక గది ఉంది. అంతకుముందది మ్యాపులు దాచే గది. ఇప్పటికీ సగం మ్యాపులే. అక్కడ కూర్చోవాలి. లెక్చరరు గారు వచ్చి ఆ గది గుమ్మం దగ్గర ఓసారి దగ్గుతారు. అప్పుడు లేచి, ఆయన వెనకాలే నడిచి, ఆయన బల్ల పక్కన గోడవారగా వేసిన కుర్చీలో కూర్చోవాలి. క్లాసయ్యాక మళ్ళీ ఆయన వెనకాలే బయటికి. పై క్లాసులకొచ్చే కొద్దీ ఆడపిల్లలు ఒక్కొక్కరే పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. బి.ఏ. పాలిటిక్స్‌కి మిగిలింది అమ్మాజీ ఒక్కతే.

హాజరు వేసేటప్పుడు కూడా ఆమె పేరు పిలవరు. కుర్చీ వైపు ఓ చూపు చూసి టిక్కు పెట్టుకుంటారంతే. కుర్చీ ఖాళీగా ఉన్నా ఆ టిక్కు పడుతుందేమోనని అమ్మాజీకి అనుమానం.

లెక్చరరు రాధాకృష్ణమూర్తి గారు మంచాయన. బాగా చెప్తారు. చెప్తూ చెప్తూ ఆగి ప్రశ్న వేస్తారు. బెంచీల మీంచి తప్పు జవాబులొస్తాయి. సరైన జవాబు గోడవార కుర్చీలో కూర్చుని ఉంటుంది, చీర కుచ్చిళ్ళ కింద కాలాడిస్తూ. ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

చెప్పకపోవడానికి ఇంకో కారణం నందివాడలో ఉంది. వాళ్ళ నాన్న గోవర్ధనరావు అక్కడ పెద్ద రైతు. కూతుర్ని బందరు పంపేటప్పుడు ఒకటే మాటన్నాడు.

"చదువుకో అమ్మడూ, ఎంతైనా చదువుకో. కానీ నీ పేరు నలుగురి నోళ్ళలో పడిందని విన్నానా, మర్నాడే నిన్ను ఇంటికి తెచ్చెయ్యడానికి గుడివాడ స్టేషన్లో మన ఎడ్లబండి ఉంటుంది."

పరీక్షలకి ఇంకా మూడు నెలలుంది. అవి రాసేదాకా ఆ బండి రాకుండా చూసుకోవాలి.

ఆ ఏడు ఎక్కడ చూసినా మంత్రులూ ఎన్నికలూ అసెంబ్లీ కబుర్లే. రాధాకృష్ణమూర్తి గారు కూడా ఊరుకోలేక, శనివారం మధ్యాహ్నాలు కాలేజీ హాల్లో మాక్ పార్లమెంటు పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో నియోజకవర్గం పంచారు. ముదినేపల్లి నుంచి వచ్చిన శోభనాద్రికి కైకలూరు, చల్లపల్లి కుర్రాడు భుజంగరావుకి గుడివాడ, అమ్మాజీకి దివి. దివిసీమ మీద ఆమె రాత్రికి రాత్రే ఉపన్యాసం తయారుచేసేసుకుంది. కరకట్టలు, ఉప్పునీళ్ళు, పడవ దాటితే తప్ప డాక్టరు దొరకని ఊళ్ళు. అద్దం ముందు నిలబడి మూడుసార్లు చదివింది కూడా.

మొదటి శనివారమే ఆమెని ఏకగ్రీవంగా స్పీకర్ని చేసేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. స్పీకరు చర్చలో నోరెత్తకూడదని ఆమెకి తెలుసు. వాళ్ళకీ తెలుసు. అంత మర్యాదగా ఎవరి నోరూ కట్టి ఉండరు.

దివి ఉపన్యాసం అలాగే ఉండిపోయింది.

జనవరిలో శోభనాద్రి బిల్లు పెట్టాడు. ఆడపిల్లలు లెక్చరరు కోసం ఆగక్కర్లేకుండా వాళ్ళంతట వాళ్ళు క్లాసుకి రావచ్చు, నచ్చిన బెంచీ మీద కూర్చోవచ్చు అని. సభ ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదని ప్రిన్సిపాల్ గారు కూడా అనేశారు, సభ ఎలాగూ ఒప్పుకోదనే ధీమాతో.

సభ ఇంగ్లీషులో జరగాలని రూలు. పావుగంట ఇంగ్లీషయ్యాక అందరూ తెలుగులోకి జారిపోయేవాళ్ళు.

"అధ్యక్షా!" అని లేచాడు భుజంగరావు. "ఈ బిల్లు వద్దంటున్నది మన కోసం కాదు, ఆడకూతుళ్ళ మేలు కోరి. వరండాలో నిలబడే ఈ మొహాలు ఓసారి చూడండి. వీటి మధ్యలోంచి ఒక ఆడపిల్ల ఒంటరిగా నడిచి రావాలా?"

"నీ మొహం సంగతి నువ్వు చెప్పుకో బావా," అన్నాడు శోభనాద్రి. "అందరి మొహాలూ అందులో కలపకు."

హాలంతా గొల్లుమంది. అమ్మాజీ బల్ల మీద డస్టరు కొట్టింది. సుత్తి లేదు కాబట్టి డస్టరే. సుద్దపొడి లేచి మొహం మీద పడింది.

"ఆర్డర్! సభ్యులు అధ్యక్షస్థానాన్ని చూసి మాట్లాడాలి. బావలూ మావయ్యలూ గేటు బయట."

వెనక బెంచీలోంచి ఒకడు, "అసలు ఆవిణ్ణే అడిగితే పోదా అండీ? నడిచేది ఆవిడే కదా," అన్నాడు.

ఆ మాటకి హాలంతా ఆమె వైపు తిరిగింది. చెప్పాల్సింది గొంతుదాకా వచ్చింది కూడా. 'లెక్చరరు గారి చొక్కా వీపు మీద చిరుగు ఎక్కడుందో నాకు తెలుసు, వరండాలో మీ మొహాలెలా ఉంటాయో నాకు తెలీదు' అని.

"అధ్యక్షస్థానాన్ని ప్రశ్నలడక్కూడదు," అంది.

ఓటింగుకి 'అవును' వాళ్ళు కుడి వరండాలోకీ 'కాదు' వాళ్ళు ఎడమ వరండాలోకీ వెళ్ళారు. సభ గుమస్తా కృపావరం నెమ్మదస్తుడు. ఇటూ అటూ తిరిగి లెక్కపెట్టుకొచ్చాడు. మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టుకొచ్చాడు.

"సమానం అండీ. చెరి పద్దెనిమిది."

"అయిపోయిందిరా, లడ్డూలు తెప్పించు!" అని భుజంగరావు వీపు మీద చరిచాడు శోభనాద్రి. స్పీకరు ఓటు ఎటు పడుతుందో ఇంక అనుమానమేముంది? భుజంగరావు కూడా పందెం ఓడినట్టే జేబులో డబ్బులు తడుముకుంటున్నాడు.

అనుమానమల్లా స్పీకరుకే. ఓట్లు సమానమైతే స్పీకరు ఉన్న పద్ధతిని ఉన్నట్టు ఉంచేవైపే ఓటెయ్యాలి. మార్పు మెజారిటీ తేవాలి గానీ, కుర్చీ తేకూడదు. ఆ చాప్టరు క్లాసులో ఆమె తప్ప ఎవరూ చదవలేదు. చివర కూర్చున్న రాధాకృష్ణమూర్తి గారికి తెలుసు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆమె వైపే చూస్తున్నారు.

ఇంకోటి కూడా ఆమెకి తోచింది. 'గోవర్ధనరావు కూతురు మగపిల్లల పక్కన కూర్చోడానికి తనే ఓటేసుకుందట' అన్న మాట నందివాడ రచ్చబండ దగ్గర ఎలా వినిపిస్తుందో. స్టేషన్లో ఎద్దుల మెడగంటలతో సహా వినిపించింది.

"కాదు," అంది అమ్మాజీ. ఎందుకు కాదో రూలు చెప్పింది.

ముందు రాధాకృష్ణమూర్తి గారు చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. అందరికంటే ఎక్కువసేపు భుజంగరావు కొట్టాడు. ఆ చప్పట్లకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

లెక్చరరు గారి వెనకాలే వరండాలో నడుస్తుంటే, ఆయన తల తిప్పకుండానే అన్నారు. "రూలు ఇంత శ్రద్ధగా ఎవరూ చదవలేదమ్మా."

ఆయన వీపుకి ఏం జవాబు చెప్తుంది?

గేటు దగ్గర జట్కా ఎక్కుతుంటే శోభనాద్రి కనిపించాడు. ఆడపిల్లతో నేరుగా మాట్లాడితే బావుండదు కాబట్టి పక్కనున్న కృపావరాన్ని అడిగాడు, ఆమెకి వినపడేలా.

"ఏరా కృపావరం, ఆ ఓటు రూలుకి పడిందంటావా, నాన్నగారికి పడిందంటావా?"

"ఊరుకోరా, వింటారు."

"వినాలనే."

అమ్మాజీ వింది. ఈడేపల్లిలో మేనత్త ఇంటికి చేరేదాకా వింటూనే ఉంది. రూలా, భయమా? రెండూ ఒకే వైపు లాగినప్పుడు తను దేనితో వెళ్ళిందో ఎలా తెలుస్తుంది?

మర్నాడు ఆదివారం. మేనత్త సుబ్బరత్నమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతోంది. అమ్మాజీ కాకుల్ని తోలే వంకతో ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకి తిరుగుతోంది. కాకులు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"కాస్త కుదురుగా కూర్చోవే. నువ్వలా తిరుగుతుంటే నా వడియాలు వంకర్లు పోతున్నాయి."

"అత్తయ్యా, నేనేదైనా చేసి అది నాన్న దాకా వెళ్తే నువ్వేమంటావు?"

"నాకేమీ తెలీదంటాను."

"అంతేనా?"

"నీకోసం అబద్ధం ఆడతానని ముందే ఒప్పుకుంటున్నాను. ఇంకేం కావాలే నీకు?" అని పిండిచేత్తోనే ముక్కు గోక్కుంది అత్తయ్య. "ఇంతకీ ఏం చేస్తావు?"

"ఏం లేదు. నడుస్తాను."

"పొద్దుట్నుంచీ చేస్తున్నది అదేగా."

నడుస్తూ నడుస్తూ అమ్మాజీకి మొదటి ఏడాది పాఠం గుర్తొచ్చింది. ఇంగ్లండు రాజ్యాంగంలో సగం ఏ చట్టంలోనూ లేదు, అంతా ఆనవాయితీ. చట్టం తప్పితే శిక్ష ఉంటుంది. ఆనవాయితీ తప్పితే ఏమవుతుందంటే, తప్పి చూడాలంతే అన్నారు రాధాకృష్ణమూర్తి గారు, నవ్వుతూ. మరి లేడీస్ రూంలో కూర్చోమని ఏ చట్టం చెప్పింది? ఎవరూ రాయనిదాన్ని మార్చడానికి బిల్లు పెట్టి, ముప్ఫై ఆరుమంది రెండు వరండాల్లోకి వెళ్ళి నిలబడ్డారు. తను దాన్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించుకుంది.

సభలో కుర్చీలో ఉండగా వేసిన ఓటు సరైనదే. మళ్ళీ వెయ్యమన్నా అలాగే వేస్తుంది. కానీ సోమవారం ఆమె స్పీకరు కాదు. సోమవారం కూడా మ్యాపుల గదిలో కూర్చుందంటే, శనివారం పలికింది రూలు కాదు, నాన్నే.

సోమవారం బెల్లు కొట్టారు. అమ్మాజీ లేచింది. వరండా ఎప్పుడూ ఉన్నంతే ఉంది, కానీ ముందు వీపు లేకపోయేసరికి చాలా పొడుగ్గా కనిపించింది. క్లాసులోంచి సంతలో ఉన్నంత గోల వినిపిస్తోంది. ఎవడో పాట అందుకున్నాడు, ఎవడో బల్ల మీద దరువేస్తున్నాడు. లెక్చరరు గారు లేని పాలిటిక్స్ క్లాసు ఇదన్నమాట.

గుమ్మంలో అడుగు పెట్టింది.

చీర అంచు కనపడగానే ముందు బెంచీ వాడు గబుక్కున లేచాడు. ఏడాదిన్నర అలవాటు. చీర వచ్చిందంటే లెక్చరరు గారు వచ్చేసినట్టే. వాణ్ణి చూసి పక్కవాడు లేచాడు, తర్వాత బెంచీలన్నీ లేచాయి. దరువు ఆగింది, పాట మధ్యలో తెగింది. నోటినిండా పకోడీ పెట్టుకున్న శోభనాద్రి నమలడం మానేసి లేచి నిలబడ్డాడు. అందరూ తలుపు వైపు చూశారు. తలుపు దగ్గర ఇంకెవరూ లేరు.

క్లాసుకి క్లాసే నిలబడి ఉంది. ఎవరికీ ఏం చెయ్యాలో తెలీదు. శనివారాల అలవాటు కొద్దీ ఆమె నోరే ముందు తెరుచుకుంది.

"కూర్చోండి."

కూర్చున్నారు.

ఆమె గోడవార కుర్చీ దాటి వెళ్ళి, మొదటి బెంచీ చివర ఆగింది. అక్కడున్న కృపావరం పుస్తకాలు లాక్కుని, బెంచీ సగం ఖాళీ చేసి జరిగిపోయాడు. ఆమె కూర్చుంది.

అప్పుడు వరండా చివర్నుంచి ఒక దగ్గు వినిపించింది. కాస్త ఆగి ఇంకోటి. ఖాళీ గది గుమ్మంలో నిలబడి లెక్చరరు గారు ఓపిగ్గా దగ్గుతున్నారు. ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాల్లేదు. మూడో దగ్గు తర్వాత చెప్పుల చప్పుడు ఇటు బయల్దేరింది.

ఆయన వచ్చారు. మళ్ళీ అందరూ లేచారు.

"ఇవాళ ఎన్నిసార్లు లేవాలిరా బాబూ," అని గొణిగాడు భుజంగరావు. ఈ సంగతి వాడు బస్సులో చల్లపల్లి చేర్చేస్తాడు. అక్కణ్ణుంచి నందివాడ చేరడానికి ఎన్నాళ్ళు?

రాధాకృష్ణమూర్తి గారు ఎవరి వైపూ చూడకుండా హాజరు మొదలుపెట్టారు. మామూలుగానే గోడవార కుర్చీ వైపు ఓ చూపు చూసి టిక్కు పెట్టబోయారు. పెట్టేశారు.

అమ్మాజీ లేచి నిలబడింది.

"సర్, ఆ టిక్కు తప్పండీ. ఆ కుర్చీలో ఎవరూ లేరు. నేనిక్కడున్నాను."

ఆయన తలెత్తి కుర్చీని చూశారు, ఆమెని చూశారు. పెట్టిన టిక్కు కొట్టేశారు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"అమ్మాజీ," అని పిలిచారు.

"ప్రెజెంట్ సర్."

కావాల్సినదానికంటే గట్టిగానే వచ్చింది. ఆయన కొత్త టిక్కు పెట్టి తర్వాతి పేరుకి వెళ్ళారు. అమ్మాజీ కూర్చుంది. బల్ల కింద ఆమె కాలు ఆడుతూనే ఉంది. దాంతోపాటు బల్ల కూడా కదులుతోంటే, కృపావరం ఏమీ అనకుండా తన సిరాబుడ్డి రెండు చేతులతో పట్టుకున్నాడు.