పక్కన ఇంకో కుర్చీ

మా కంపెనీ ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయదు. తీసేస్తే పేరు చెడిపోతుంది, కేసులు పడతాయి. అందుకని వద్దనుకున్న మనిషి చేతనే రాజీనామా మెయిల్ టైప్ చేయిస్తుంది. చిన్నప్పటి నుంచి ర్యాంకుల కోసం నిద్ర మానుకుని చదివిన మా ఇంజినీర్లు తమ ఉద్యోగం తామే పీకేసుకుని, కింద ‘థాంక్స్ అండ్ రిగార్డ్స్’ అని కూడా పెడతారు. ఇంత మర్యాదస్తులను హైటెక్ సిటీలో తప్ప నేనెక్కడా చూడలేదు.

ఆ మెయిల్ టైప్ చేయించే గది పేరు మంజీర. మా ఆఫీసులో మీటింగ్ రూములన్నిటికీ నదుల పేర్లే. కృష్ణలో, మూసీలో టేబుల్ చుట్టూ బోలెడు కుర్చీలుంటాయి. మంజీరలో మాత్రం అటువైపు రెండు, ఇటువైపు ఒక్కటి. ఇటు కూర్చునే మనిషికి పక్కన ఎవరూ ఉండకూడదని ఎవరో బుర్ర పెట్టి ఆలోచించి మరీ మిగతావి తీయించారు. ఫోన్ కూడా గది బయట ట్రేలో పెట్టి వెళ్లాలి. అందరూ బుద్ధిగా పెట్టే వెళ్తారు.

నేను టెస్టింగ్‌లో పని చేస్తాను. పేరు కృష్ణప్రియ. మాది మదీనాగూడ. మా నాన్న జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో చేసేవాడు, అక్కడ యూనియన్ మనిషి. చేతుల నిండా యాసిడ్ మచ్చలుండేవి గానీ, ఆయన చేత రాజీనామా రాయించిన మగాడు లేడు. ఐటీ ఉద్యోగుల సంఘం ఒకటి ఉందని తెలిసిన వారమే నేను అందులో చేరాను. మా ఫ్లోర్‌లో చేరింది నేనొక్కదాన్నే. ఆ మాట ఎత్తితే మిగతావాళ్లు ఏదో దుర్వాసన వచ్చినట్టు మొహం పెట్టేవాళ్లు.

అందరికంటే ఎక్కువ నవ్వింది మా టీమ్ లీడ్ వెంకట్. భీమవరం నుంచి వచ్చి కేపీహెచ్‌బీలో ఫ్లాట్ కొనుక్కున్న మనిషి. మెడలో ఐడీ కార్డు ఆదివారం కూరగాయల మార్కెట్‌కి కూడా వేసుకెళ్తాడని మాకు అనుమానం.

“యూనియన్లు బస్సు డ్రైవర్లకండీ, ఫ్యాక్టరీ వాళ్లకండీ. మనం ప్రొఫెషనల్స్ అండీ. మనకేదైనా ప్రాబ్లం వస్తే కూర్చుని మాట్లాడుకుంటాం,” అన్నాడు ప్యాంట్రీలో, పదిమంది వినేలా. ఆ పదిమందీ తలలూపారు.

కూర్చుని మాట్లాడుకోవడం అంటే ఏమిటో మమత విషయంలో చూశాను. సిద్దిపేట పిల్ల, డెలివరీ సెలవు అయిపోయి అప్పుడే తిరిగొచ్చింది. వచ్చిన నెలలోనే మంజీరకు పిలిచారు. అటువైపు హెచ్ఆర్ లావణ్య, ఆమె పక్కన వెంకట్. బయటికి వచ్చేసరికి మమత ఉద్యోగం అయిపోయింది.

“వెంకట్ సార్ ఒక్కొక్క ముక్క చెప్పిండక్కా, నేను టైప్ చేసిన. ‘పర్సనల్ రీజన్స్’ అని కూడా ఆయనే పెట్టుమన్నడు. రాయనంటే, రాయకుంటే నా రికార్డు ఖరాబైతదన్నరు,” అంది, మెట్ల దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

“నాకు ఫోన్ చెయ్యొద్దా?”

“ఫోన్ బయట పెట్టిపిచ్చిన్రు కదక్కా.”

ఆ సాయంత్రం టీమ్ అంతా చేరి కేక్ కోశారు. ‘బెస్ట్ ఆఫ్ లక్ మమత’ అని దాని మీద క్రీముతో రాయించారు. మనమంతా ఒక ఫ్యామిలీ అని వెంకట్ స్పీచ్ ఇచ్చాడు. చప్పట్లు కొట్టి, కేక్ తిని, వేళ్లు నాకి, ఎవరి సీట్లోకి వాళ్లు పోయారు. వీళ్ల మీద నాకు జాలి కూడా కలగలేదు, అసహ్యమే కలిగింది.

సంఘం తరఫున లేబర్ ఆఫీసులో మమత చేత ఫిర్యాదు పెట్టించాం. ఆమె ఇష్టపూర్వకంగానే రాజీనామా చేసిందని కంపెనీ జవాబిచ్చింది. కాదని చెప్పాలంటే ఆ గదిలో ఉన్న మనిషి కావాలి. ఉన్నది లావణ్య, వెంకట్. ఇద్దరిలో ఎవరు చెబుతారు? గోడలు చెప్పాలి.

విచారణ ఇంకో వారంలో ఉందనగా, వెంకట్ నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాఫీ కప్పు, ఒక్క గుక్క కూడా తాగలేదు.

“కృష్ణప్రియ గారూ, ఒక్క నిమిషం అండీ. నాకు మంజీరలో మీటింగ్ పెట్టారండీ. ఇవాళే. లంచ్ తరువాత.”

అతనే ఎంతోమందికి పెట్టించిన మీటింగ్. అందులో ఏం జరుగుతుందో అతనికి చెప్పక్కర్లేదు.

“అయితే?” అన్నాను.

“మీ సంఘం... ఇంకా ఉందాండీ? చేరితే నా పక్కన వచ్చి కూర్చుంటారాండీ?”

“ఉంది. బస్సు డ్రైవర్ల లెక్కనే, ఫ్యాక్టరోళ్ల లెక్కనే మంచిగ ఉంది.”

దాచడమెందుకు, నాకు కడుపు నిండినంత సంతోషం వేసింది. కాసేపు అతన్ని అలాగే నిలబెట్టి, కాఫీ చల్లారేదాకా చూశాను. తరువాత మెట్ల దగ్గరికి వెళ్లి మా సంఘం కార్యదర్శి నరేందర్‌కు ఫోన్ చేశాను.

“అన్నా, మమతను ఎల్లగొట్టినోడే ఇప్పుడు మన తాన చేరుతడంట. నేనైతే ఆయన పక్కన కూసోను.”

“చేరుతనంటే చేర్చుకో. పిలిస్తే పో.”

“ఆయన ముఖం చూస్తేనే నాకు మండుతదన్నా.”

“మండనీ. మనకు నచ్చినోళ్ల కోసమే పోతే అది సంఘమెట్లయితదమ్మా, సుట్టరికమైతది. ఇగ మాటలు బంద్ చేసి పో,” అని ఫోన్ పెట్టేశాడు. నరేందర్ మీద కూడా ఒళ్లు మండింది.

వెంకట్ అక్కడికక్కడే ఫోన్‌లో సభ్యత్వం తీసుకున్నాడు. లంచ్ తరువాత నా కుర్చీ నేను తోసుకుంటూ బయల్దేరాను. దానికి ఒక చక్రం సరిగా లేదు. మా వరుస నుంచి మంజీర దాకా కీచుకీచుమంటూనే వచ్చింది. మానిటర్ల వెనక నుంచి తలలు లేచాయి, నేను చూడగానే మునిగాయి. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు. అడిగితే తామూ రావలసి వస్తుందని భయం కాబోలు.

లావణ్య నన్నూ నా కుర్చీనీ చూసి నవ్వు మొహం పెట్టింది. “కృష్ణప్రియ, ఇది కాన్ఫిడెన్షియల్ డిస్కషన్.”

“అట్లనా? అయితే మెల్లగ మాట్లాడుకుందాం.”

“మీ ఫోన్?”

“ట్రేల పెట్టిన. నోరు కూడా పెట్టి రమ్మని ఎక్కడ రాసిలేదు.”

ఆమె నన్ను వదిలేసి అతని వైపు తిరిగింది. “వెంకట్, మీరు సీనియర్. మీలాంటివాళ్లు ఇలా బయటి వాళ్లను తీసుకురావడం బాగుండదు. ఈమెను పంపించేస్తే మీకు మంచి ఎగ్జిట్ ఇస్తాం. రిఫరెన్స్ నేనే ఇస్తాను.”

వెంకట్ ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచి ఉంది, ఖాళీ మెయిల్ సిద్ధంగా ఉంది. అప్పుడు ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? చేతులు కీబోర్డు మీద పెట్టి ‘డియర్ లావణ్య’ అని టైప్ చేశాడు. ఎవరూ ఇంకా చెయ్యమనలేదు. వద్దని చెప్పించుకోవడానికి నన్ను తెచ్చుకున్నవాడే, అలవాటు కొద్దీ మొదలుపెట్టేశాడు.

అతని వేళ్ల మీదికే ల్యాప్‌టాప్ మూత దించాను.

“వెంకట్, మీరు రాజీనామా చేస్తున్నరా?”

“లేదండీ,” అన్నాడు. పిల్లి కూత కన్నా చిన్నగా వచ్చింది.

“గట్టిగ.”

“చెయ్యనండీ. తీసెయ్యాలంటే మీరే తీసేసి, ఎందుకో రాసివ్వండి.”

లావణ్య నవ్వు పోయింది. మళ్లీ పిలుస్తామంది. ఎందుకో రాసివ్వాలంటే కారణం ఉండాలి కదా. అతన్ని ఆ గదికి మళ్లీ పిలవలేదు.

బయటికి రాగానే వెంకట్ నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. “చచ్చి మీ కడుపున పుడతానండీ. కానీ ఈ విషయం టీమ్‌లో ఎవరికీ చెప్పకండే.”

“చెప్పను. వచ్చే గురువారం లేబర్ ఆఫీసుల మమత కేసు ఉంది. మంజీరల ఏమైందో వచ్చి చెప్పుండ్రి.”

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. “అక్కడ లావణ్య ఉంటుంది కదండీ. నేను ఇప్పుడే బయటపడ్డాను. ఇంకేదైనా అడగండి, మమతకి వేరే చోట రెఫరల్ ఇప్పిస్తాను.”

అప్పుడు నాకు మర్యాద పోయింది. “నువ్వు నాకు నచ్చినవనే నీ పక్కన కూసున్ననా? నీ ముఖం చూస్తే నాకు తిన్నది అరగదు. అయినా కూసున్న. ఇగ నీ ఇష్టం,” అని నా కుర్చీ తోసుకుంటూ వచ్చేశాను.

గురువారం లేబర్ ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద చప్పుడు చేస్తూ ఫ్యాను. టేబుల్‌కు ఒక పక్క లావణ్య, ఆమె పక్కన ఒక ఖాళీ కుర్చీ. రెండో పక్క మమత, ఒళ్లో పాప. నేను వెనక నిలబడ్డాను. మమత కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. ఆ ఉద్యోగం తిరిగి రాకపోతే సిద్దిపేట వెళ్లిపోవడమే అని పొద్దున్నే నాతో చెప్పింది.

“ఈమె ఇష్టంతోనే రాసిందని కంపెనీ అంటోంది. కాదని చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అడిగాడు ఆఫీసర్.

నేను లోపల వెంకట్‌ను నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నాను. గుమ్మం దగ్గర ఎవరో హెల్మెట్ పెట్టుకుని నిలబడితే, పార్సిల్ తెచ్చిన మనిషి అనుకున్నాను.

“నేనున్నానండీ,” అంది హెల్మెట్.

“ముందు అది తీయండి,” అన్నాడు ఆఫీసర్ విసుగ్గా.

తీశాడు. లోపల మాస్కు కూడా ఉంది. అదీ తీశాడు. లావణ్య కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంటే, నుదుటి మీద చెమటతో వెంకట్ తల దించుకుని నిలబడ్డాడు. ధైర్యం అంటే ఇలా ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

ఖాళీగా ఉన్న కుర్చీ లావణ్య పక్కనే ఉంది. అటు ఒక అడుగు వేశాడు. నేను పళ్లు కొరికాను. అతను ఆ కుర్చీ ఎత్తుకుని, టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, మమత పక్కన వేశాడు. మమత అతని వైపు చూడలేదు. కానీ కింద పెట్టుకున్న పాలసీసాల సంచిని తన కాళ్ల దగ్గరికి లాక్కుని, కుర్చీకి చోటిచ్చింది.

“ఆ మెయిల్... నేనే చెప్పి రాయించానండీ. ఆమె వద్దంది,” అన్నాడు వెంకట్. ఫ్యాను చప్పుడులో సగమే వినిపించింది.

ఆఫీసర్ పెన్ను తీసుకుని, “ఏమన్నారు?” అని అడిగాడు.

“గట్టిగ,” అన్నాను నేను వెనక నుంచి.