చుట్టల బీరువా

బీరప్ప సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో ఎవరినో ఉంచుకున్నాడని నర్సింగమ్మ చెప్పిందట. బోరింగు కింద బిందె పెట్టి, నీళ్లు కొట్టడం ఆపి మరీ చెప్పిందట. లేకపోతే ఏ మొగోడు మరదలి పెండ్లిలో రెండు ముద్దలు తిని, చెయ్యి పంచెకు తుడుచుకుంటూ సైకిలెక్కుతాడు? ఏ మొగోడు బోనాలకు ఇంటికొచ్చి, వచ్చిన దగ్గర్నుంచి గడియారం వంకే చూస్తూ కూర్చుంటాడు? "గోపమ్మకు ఎరికే. ఎరికుండే నోర్మూసుకున్నది" అని కూడా అందట.

ఆ మాట తిరిగి తిరిగి గోపమ్మ చెవిన పడ్డప్పుడు ఆమె మేకలకు కొమ్మలు నరుకుతోంది. కొడవలి ఆపలేదు.

"ఉంచుకున్నడు. నల్లగుంటది, నా రొమ్ములెత్తు ఉంటది, అద్దం తలుపు. పోయి సూసి రమ్మనుండ్రి" అంది.

ఆ పొద్దున ఆరూ పదికి బీరప్ప ఆ నల్లదాని పక్కనే, చాప మీద నుంచి లేచాడు. అలారం మోగకముందే లేచాడు. అలారం మోగాక లేచి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు. అరచేతిని అద్దానికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. జర వెచ్చబడింది. చెయ్యి చాచి స్విచ్ వేశాడు. బీరువా అడుగున మోటారు గొంతు సవరించుకుని గురక మొదలుపెట్టింది. పావుగంట.

ఆ పావుగంటలోనే ముఖం కడుక్కోవాలి, వరండా ఊడవాలి. ఫ్యాక్టరీ పొగగొట్టాల నుంచి రాత్రంతా రాలిన బూడిదరంగు దుమ్ము వరండా మీద, చెట్ల ఆకుల మీద, చెప్పుల మీద అంగుళం మేర పరుచుకుని ఉంటుంది. మేళ్లచెరువు దాటాక ఆ పక్క గుట్టలన్నీ సున్నపురాయి. ఆ పక్క చెట్లన్నీ ముసలివాళ్ల తలలు.

బీరప్పకు యాభై ఆరు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటాడు. చిన్నతనం నుంచి భుజాన గొంగడి, చేతికర్ర మోసినందుకు ఎడమ భుజం ఒక అంగుళం కిందికి జారి ఉంటుంది. గెస్ట్‌హౌస్ వాళ్లిచ్చిన తెల్లచొక్కాకు ఆ వైపు ఎప్పుడూ ముడత. పాదాలు మాత్రం మనిషికి మించినవి, వెడల్పువి, రాళ్ల మీద గొర్రెల వెంట నడిచినవి. గచ్చు మీద వాటికి పనిలేక పగుళ్లు మాత్రం మిగిలాయి.

గుట్ట కింద మూడెకరాల చెలక, నలభై గొర్రెలు మేసే బీడు క్వారీలో పోతే, వాటికి బదులు వచ్చింది ఈ పని. కాగితం లేదు. నోటిమాట.

ఆ బీరువాను చైర్మన్‌గారు ఎనభై నాలుగులో ఓడ మీద తెప్పించారు. అసలు అది వైను సీసాలను చల్లగా ఉంచే పెట్టె. సీసాలు దొర్లకుండా లోపలి చెక్క పలకలకు వంపులు చెక్కి ఉంటాయి. తాగితే ప్రాణం దక్కదని డాక్టర్లు చెప్పాక చైర్మన్‌గారు సీసాలు తీయించి, ఆ పలకల మీద సిగార్ల పెట్టెలు పెట్టించారు. సిగార్లని మేనేజర్లు అంటారు. బీరప్పకూ ఊరికీ అవి చుట్టలే. అది చుట్టల బీరువా. ఏడాదికి నాలుగుసార్లు చైర్మన్‌గారు వస్తారు, వచ్చినప్పుడు రోజుకొకటి కాలుస్తారు. మిగిలినవి ఆయన కోసం పడుకుని ఉంటాయి.

వాటికి పద్దెనిమిది డిగ్రీలు ఉండాలి. లోపల వేలాడే గాజుగొట్టంలో ఎర్రగీత అక్కడే నిలబడాలి. ఇరవై ఐదు దాటితే ఆకులో కంటికి కనపడని గుడ్లు పగిలి పురుగు పుడుతుంది. చుట్టకు సూదితో పొడిచినట్టు బొక్కలు పడతాయి. మరీ చల్లబడితే ఆకు తడి ఆరిపోయి, వేళ్ల మధ్య అప్పడంలా విరుగుతుంది. అందుకని కాచి చల్లార్చిన నీళ్లలో ముంచి పిండిన స్పాంజి ముక్కను సాసరులో పెట్టి కింది పలకలో ఉంచాలి. ఇదంతా చైర్మన్‌గారు ఒకసారి తానే నిలబడి చెప్పారు. బీరప్పకు రెండోసారి చెప్పించుకునే అవసరం పడలేదు. ఈతకొచ్చిన గొర్రెను ఎట్లా చూడాలో తెలిసినవాడికి ఇదొక లెక్కా? గొర్రెపిల్ల చెవి రెండు వేళ్లతో పట్టి జ్వరం ఎంతుందో చెప్పేవాడు. ఇప్పుడు అద్దం మీద అరచేయి ఆనించి ఎర్రగీత ఎక్కడుందో చెబుతాడు. వంటాయన పందెం కట్టి నాలుగుసార్లు ఓడిపోయాడు.

మొదటి ఏడాది ఆ పెట్టె దానంతట అదే నడిచేది, దానంతట అదే ఆగేది. ఎనభై అయిదు ఎండాకాలంలో ఆగడం మరిచిపోయింది. కరెంటున్నంతసేపూ మంచు పేరుకునేదాకా నడిచేది. ఒక పెట్టె చుట్టలు ఎండుగడ్డి అయిపోయాయి, బీరప్ప తిట్లు తిన్నాడు. తర్వాత అతనే ఉపాయం కనిపెట్టాడు. పావుగంట వేసి నలభై నిమిషాలు ఆపాలి. ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ వేసి, ఇంకాస్త తక్కువ ఆపాలి. ఆపిన వెంటనే వేస్తే మోటారు మూలుగుతుంది, దాన్ని కాసేపు ఊపిరి తీసుకోనివ్వాలి.

అట్లా పదకొండేళ్లు. పగలూ రాత్రీ. అతని నిద్ర నలభై నిమిషాల ముక్కలుగా తెగిపోయింది, కలలు కూడా అంతే పొడుగు. పొద్దు ఎంతయిందని ఎవరైనా అడిగితే గంటలు చెప్పడు. "ఇంక రెండు సిచ్చులకు అన్నం తింట" అంటాడు. రోజుకు ఒక్కసారి వంటాయనను బతిమాలి ఒక స్విచ్ అప్పజెప్పి, రెండు మైళ్లు సైకిలు తొక్కి ఇంటికి పోయి వస్తాడు. గోపమ్మ అప్పటికే కంచంలో వడ్డించి కూర్చుంటుంది.

ఎనభై ఎనిమిది వానాకాలంలో ఒకరోజు వంటాయన చేతులు ఖాళీ లేవు. చైర్మన్‌గారు పట్నం నుంచి పదిమంది చుట్టాలతో వచ్చి ఉన్నారు. మధ్యాహ్నం గోపమ్మ తమ్ముడు కురుమయ్య తడిసి ముద్దయి సైకిలు మీద వచ్చాడు.

"బావా, కొమ్రికి జరం దిగుత లేదు, కండ్లు తేలేస్తున్నది. జీపడిగి తీస్కరమ్మన్నది అక్క."

కొమురవ్వ వాళ్లకు ఒక్కతే బిడ్డ. తొమ్మిదేళ్లు. బీరప్ప జీపు వైపు చూశాడు, బీరువా వైపు చూశాడు.

"పొద్దుమీకి దొరోళ్లు పోతరు. పోంగనే వస్తనని చెప్పు."

ఆ మధ్యాహ్నం అతను ఆరుసార్లు స్విచ్ వేశాడు, ఆరుసార్లు ఆపాడు. గోపమ్మ బిడ్డను భుజాన వేసుకుని, పైన గొంగడి కప్పి రోడ్డెక్కింది. హుజూర్‌నగర్ ఇంకా నాలుగు మైళ్లుందనగా బస్సులోనే మెడకు తగిలే ఊపిరి ఆగింది, భుజం మీద బరువు మారింది. మళ్లీ బస్సు దిగి, అటు నుంచి వచ్చే బస్సు కోసం నిలబడింది.

బీరప్ప చీకటి పడ్డాక వచ్చాడు. ఆమె ఒక్కటే అడిగింది. "రాకపోతివేంది?"

"సిచ్చు ఎవలేస్తరు?" అన్నాడు.

ఆ జవాబును గోపమ్మ నమ్మింది. ఎనిమిదేళ్లుగా దాని మీదే నిలబడింది. అతన్ని ఎవరైనా ఒక మాట అంటే ఊరుకునేది కాదు. "ఆయన కాళ్లు ఆ డబ్బకు కట్టేసున్నయి. అది బాగుగాదంట, సామాను ఈ దేశంల దొరకదంట. ఆయనేం జేస్తడు?" అనేది.

ఇప్పుడు తొంభై ఆరు, ఉగాది ఇంకా వారం ఉంది. పదిగంటల స్విచ్ ఆపి బీరప్ప స్పాంజి పిండుతున్నాడు. కొత్త మేనేజరు, వెనక సంచీ భుజానికి వేసుకున్న మెకానిక్కూ లోపలికి వచ్చారు. ఏసీలన్నీ చూడటానికి మిర్యాలగూడ నుంచి పిలిపించిన లియాఖత్ అలీ. గడ్డం నెరిసింది. అయినా బీరప్ప చూడగానే గుర్తుపట్టాడు. చేతిలో స్పాంజి నుంచి నీళ్లు చొక్కా మీదికి కారాయి.

"దీన్ని కూడా చూసేయండి. వచ్చే నెల చైర్మన్‌గారి అబ్బాయి వస్తున్నారు. ఇదేం చోద్యమండీ, ఒక మనిషి గంటగంటకీ లేచి దీనికి స్విచ్ వేస్తాడట" అన్నాడు మేనేజరు. ఆయనది గుంటూరు వైపు.

బీరప్ప బీరువాకు అడ్డంగా జరిగాడు. "ఫారిన్‌ది సార్. ఇప్పితె మల్ల కుదరదు."

"కుదరకపోతే పారేద్దాంలే. జరుగు."

లియాఖత్ వెనక రేకు విప్పాడు. చెయ్యి లోపలికి పెట్టి, బొటనవేలంత డబ్బీని బయటికి లాగాడు. దానికి ఎలుకతోకలాంటి సన్నటి రాగి గొట్టం వేలాడుతోంది. సంచీలోంచి అలాంటిదే ఇంకొకటి తీసి బిగించాడు. కూల్‌డ్రింకుల పెట్టెలకు వేసేదట. స్విచ్ వేసి, స్క్రూ కొంచెం తిప్పడం, ఎర్రగీత చూడటం, ఇంకొంచెం తిప్పడం.

"ఎప్పట్నుంచి పాడై ఉంటుందంటారు?" అన్నాడు మేనేజరు.

లియాఖత్ తలెత్తి బీరప్ప ముఖం చూశాడు. ఒక క్షణం చూశాడు. "చెప్పలేం సార్. పాత మిషిని" అన్నాడు.

పావుగంట కావస్తోంది. బీరప్ప చెయ్యి అలవాటుగా స్విచ్ మీదికి పోయింది. ఇంకా నొక్కలేదు. లోపల 'టక్'మని చిన్న చప్పుడైంది. మోటారు దానంతట అదే ఆగింది. అతని చెయ్యి గాలిలో అట్లాగే ఉండిపోయింది.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. "ఇన్నేళ్లూ ఆ డబ్బీ చేసే పని నువ్వు చేశావన్నమాట! పోనీలే, ఇక హాయిగా ఇంటి దగ్గర నిద్రపో. ఏదైనా పనుంటే కబురు చేస్తాం."

బీరప్ప స్పాంజిని సాసరులో పెట్టి, సాసరును కింది పలకలో సర్ది, తలుపు మూశాడు. చాప చుట్టాడు, గొంగడి మడిచాడు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అద్దం మీద అతని నడుము ఎత్తులో, పదకొండేళ్లుగా అరచేయి ఆనిన చోట, ఎంత తుడిచినా పోని మసక వలయం ఉంది.

సైకిలు వెనక టైరు కూర్చుని ఉంటే లియాఖతే స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. గేటు దాటాక అడిగాడు.

"బీరన్నా, గుర్తువట్టినవా నన్ను?"

"వట్టిన."

"మల్ల గప్పుడు ఎందుకు వద్దంటివి?"

"ఐదుగురిని తీసేసి ఇద్దర్ని ఉంచుతమన్నరు ఆ నెల. అది మంచిగైతె నాతోని ఏం పనుంటది వాళ్లకు?"

లియాఖత్ గుంతను తప్పించి బండి నడిపాడు. "సచ్" అన్నాడు. "గరీబోనికి బీమారే రోజీ. మిషిని రోగమే మన కూడు. ఫికర్ జెయ్యకు, నేనైతె ఎవ్వలికి చెప్ప."

ఇంటి ముందు మేకలు స్కూటరు చప్పుడుకు బెదిరి చెల్లాచెదరయ్యాయి. గోపమ్మ చేట పక్కన పెట్టి లేచింది. ఆ వేళప్పుడు మొగుడి ముఖం ఇంటి దగ్గర చూసి ఎరగదు.

"ఏంది, పానం మంచిగ లేదా? సిచ్చు?"

"లేదిగ" అన్నాడు బీరప్ప. చాపచుట్ట గోడకు ఆనించి, గడప మీద కూర్చున్నాడు.

"బయపడకు వదినే" అన్నాడు లియాఖత్ నవ్వుతూ. "మీ ఆయన్ని నీకు అప్పజెప్పనీకి వచ్చిన. గా బీరువా ఇగ దాని అంతటదే నడుస్తది."

గోపమ్మ ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. పీట వేసింది. మేకపాలు పోసి చాయ పెట్టింది. మొగుడికి గ్లాసు అందిస్తూ, అతని జారిన భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి తీసింది. పగటిపూట, పరాయి మనిషి ముందు, ఆమె అట్లా ఎప్పుడూ చేయలేదు.

"ఎట్ల మంచిగైంది అన్నా? ఏం జేస్తివి?"

లియాఖత్ జేబులోంచి పాత డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఎలుకతోకను సాగదీసింది.

"గింతేనా? దీని సామాను యాడ దొరకదంటిరి గద?"

లియాఖత్ చాయ ఒక గుక్క తాగాడు. ఇల్లు వేరు, ఆఫీసు వేరు. ఇంటిదానికి తెలియని సంగతి ఉంటుందని అతనికి తోచలేదు.

"ఎవలన్నరు దొరకదని? ఎనబై అయిదుల బతుకమ్మ పండుగకు ముంగట నేనే జేబుల ఏస్కొని తెస్తి వదినే. మీ ఆయననే వద్దన్నడు, నౌకరి పోతదని. గట్టోడు! పదకొండేండ్లు లాగిండు."

నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి గ్లాసు దించి ఇద్దరి వంకా చూశాడు.

బీరప్ప తల వంచుకుని తన పాదాల వంక చూసుకుంటున్నాడు. గోపమ్మ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఎనభై అయిదు, ఎనభై ఆరు, ఎనభై ఏడు. ఎనభై ఎనిమిది దగ్గర ఆగాయి. ఆమె ఆ డబ్బీని గడప మీద, అతని పక్కన, మెల్లగా పెట్టింది.

"అంటే, గా నాడు నువ్వు రావొచ్చుండె."