కోర్టమ్మ

సంతకం పెట్టి కోర్టమ్మ మళ్లీ బల్ల మీద కూర్చుంది. మునిసిపాలిటీ చెత్త లారీల షెడ్డులో ఇప్పుడు ఆమెకు కూర్చోవడమే పని. కాలు ఊపింది, ఆపింది. మట్టి లేని గోళ్లను గీకింది. పక్కన గోడకు మేస్త్రీ చీపురు ఆనించి పెట్టించాడు. రోజూ పెట్టిస్తాడు. దాన్ని ముట్టుకుంటే ఊడ్చే పనికి ఒప్పుకున్నట్టేనని ప్లీడరు చెప్పాడు. స్టీరింగు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని మేస్త్రీ చెప్పాడు.

డ్రైవరు పరీక్షలో ఆమెదే మొదటి స్థానం. ఆడమనిషికి లారీ ఇచ్చేది లేదు, ఊడ్చే పని చేసుకోమన్నారు. మునిసిపాలిటీ మీద కేసు వేసింది. ఆనాటి నుంచి పేరు కోర్టమ్మ.

"కూర్చోబెట్టి మేపుతున్నారు. జాతకమంటే నీదే," అన్నాడు గుమస్తా.

"మీరూ వచ్చి కూర్చోండి బాబూ. మధ్యాహ్నానికల్లా మీరే చీపురు అడుగుతారు."

రేపు వాయిదా. పెద్ద బండి నడిపిన అనుభవం ఆమెకు లేదని అవతలివాళ్ల వాదన. ఉందని చెప్పగలిగేది మేనమామ ఒక్కడే. ఆయనా ఇక్కడే డ్రైవరు. మోకాలు పట్టేసిన రోజుల్లో ఊరు దాటగానే స్టీరింగు ఆమెకిచ్చి పక్కకు జరిగేవాడు. అది చెబితే ఆయన ఉద్యోగానికే ముప్పు.

పొద్దున ఆయన లారీ ఎక్కబోతుంటే అడిగింది. "నీ మెడకు చుట్టుకుంటుందేమో మామయ్యా."

"చుట్టుకోనీవే. నేను నేర్పింది దొంగతనమా?"

ఎండెక్కాక ఆయన లారీ తిరిగొచ్చి గేటులో సగానికి ఆగింది. ఇంజను ఆడుతూనే ఉంది. బండి కదలదు. ఆమె లేచింది, కూర్చుంది. మళ్లీ లేచి ఈసారి నడిచింది.

మామయ్య తల తలుపుకు ఆని ఉంది. హ్యాండ్‌బ్రేకు మాత్రం గట్టిగా లాగి ఉంది.

మిగతా డ్రైవర్లంతా ఊళ్లో తిరుగుతున్నారు. మేస్త్రీ, గుమస్తా పరుగున వచ్చి ఆయన్ను పక్క సీటులోకి జరిపి, తామూ ఇరుక్కుని కూర్చున్నారు.

"డ్రైవరూ, ఏం చూస్తున్నావ్? ఆసుపత్రికి పోనీ," అన్నాడు మేస్త్రీ.

ఏ డ్రైవరు వచ్చాడా అని గుమస్తా బయటికి తొంగిచూశాడు. అప్పటికే ఆమె గేరు వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, ఆ చేతిని మెల్లగా మంచం మీద పెట్టి, దుప్పటి మొహం మీదికి లాగింది.

కబురు అందుకుని అత్త వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి, కోర్టమ్మ మెట్ల మీదున్న మేస్త్రీ దగ్గరికి వెళ్లింది.

"రేపు కోర్టులో చెప్తారా సార్?"

"ఏం చెప్పాలమ్మా?"

"ఇందాక నన్నేమని పిలిచారో."

మేస్త్రీ మెడ తుడుచుకున్నాడు. గుమస్తా నేల చూస్తున్నాడు.

"బండి దారికి అడ్డంగా ఉంది," అన్నాడు. "షెడ్డుకు తీసుకుపో... నేనే తీసుకుపొమ్మన్నానని చెప్పు."

"ఎవరికి చెప్పను?"

"అడిగినవాళ్లకి. రేపు నన్నడిగినా నేనూ అదే చెప్తాను."

ఆమె ఒక్కతే లారీ ఎక్కింది. ముందద్దం కింద మామయ్య తీసిపెట్టుకున్న కళ్లజోడు ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా అది ఈ చివరి నుంచి ఆ చివరికి జారి, ఒక కాడ తెరుచుకుని, మళ్లీ వెనక్కి జారుతూ వచ్చింది.