బాపు మూసిన సందు

మూడేండ్లు! మూడేండ్ల సంది నేను గుడ్డతోని యాంటెన్న చేస్తున్న. సెల్ టవర్ల నుంచి గాలిల ఊకె పోయే సిగ్నల్‌ను పట్టి, కరెంటు చేసి, బ్యాటరీ లేకుండ చిన్న బల్బు వెలిగియ్యాలె. గదే నా పీహెచ్‌డీ. నూలుల రాగి పోగులు కలిపి ఆ గుడ్డ నేసింది మా బాపు ఐలేశం. గురువారం రాత్రే నా చేతికొచ్చింది, ముందుగాల వెలిగిచ్చి చూసే టైము దొరకలే.

శుక్రవారం పొద్దుగాల హైదరాబాద్‌ల కమిటీ ముంగట బల్బు వెలగలే. కనీసం మిణుక్కుమని గూడ అనలే. "శ్రీలతా, సోమవారం దాకా టైమిస్తా. వెలగకపోతే టాపిక్ మార్చుకో" అన్నడు గైడ్ సారు. మార్చుకుంటే మళ్ల మొదటి నుంచి. నాతోని గాదు.

చౌటుప్పల్ బస్సుల కూసొని గుడ్డను ఫోన్ లైటు కింద పెట్టి చూసిన. రాగి పోగుల నడుమ గోరంత వెడల్పు, వేలెడు పొడుగు సందు ఉండాలె. గా సందు ఉంటెనే టవర్ సిగ్నల్ ఆ గుడ్డకు చిక్కుతది. సందు లేదు! ఈ కొస నుంచి ఆ కొసకు పోగులన్నీ రాగి తీగెతోని ముడేసి ఉన్నయి. వేలికి తగుల్తయి గని కండ్లకు ఆనయి. గంత సన్నటి ముడి మా బాపు తప్ప ఎవ్వలెయ్యరు.

ఇంటికి పోయి చెప్పులు గూడ ఇడువలే. బాపు మగ్గం మీద చీర నేస్తుండు.

"నా ఖర్మ! గా సందు ఎందుకు మూసినవ్ బాపు?"

"కాయితం మీద నువ్వు గీసుడుల తప్పువోయిందనుకున్న బిడ్డా. గట్లనే పంపితే ఆడ సార్లు నవ్వుతరని, మగ్గం మీదికెల్లి దించే ముంగట పోగు పోగు కట్టిన. రెండు దినాలు పట్టింది."

"ఎవలు కట్టమన్నరు నిన్ను? గీసింది గీసినట్టు నెయ్యమన్న గదా!"

వంటింట్లకెల్లి అమ్మ వచ్చి, "మెల్లగ బిడ్డా, వాడకట్టంత వింటరు" అన్నది.

"విననీ!" అన్న.

బాపు పని ఆపిండు. "పోగు తెగి ఉన్న బట్టను నేను ఎన్నడు దించలే. గది ఎందుకు ఇడువాల్నో చెప్పినవా నాకు?"

"చెప్పిన" అన్న. అని ఆగిన. ఏడ చెప్పిన? కమిటీకి చెప్పిన. ఢిల్లీ కాన్ఫరెన్సుల చెప్పిన. ల్యాబ్‌ల కొత్తగ చేరినోళ్లకు సుతం బోర్డు మీద గీసి చెప్పిన. నేసేటాయన చేతుల మాత్రం కాయితం పెట్టి, "జర జల్ది గావాలె బాపు" అని బస్సెక్కిన. చెప్పినా ఆయనకేం సమజైతది అనుకున్న. గా ముచ్చట యాదికొచ్చి నామీద నాకే అసహ్యమైంది.

"ఇప్పుడు చెప్పు" అన్నడు బాపు. "సమజైతే ఇడుస్త. సోమారం దాక కొత్తది నేసిస్త. ఊకె ఇడువుమంటే నా చెయ్యి ఇడువది."

మగ్గం గట్టు మీద కూసున్న. నోరు తెరిచిన. రెసొనెన్స్, ఇంపెడెన్స్, బ్యాండ్‌విడ్త్ అన్నీ నాలిక కొసకు వచ్చినయి. ఆయనకు అందే మాట ఒక్కటి దొరుకతలేదు. బాపు చేతులు ఒళ్లె పెట్టుకొని నా మొహమే చూస్తుండు. పొద్దుగాల కమిటీ ముంగట గూడ నాకు గంత భయం కాలే.